తన పాట కింద తన పేరు



స్త్రీల సృజన, హక్కులు అన్న విషయం మీద మాట్లాడమని నిర్వాహకులు అడిగినప్పుడు, సిద్ధాంత చర్చ కంటే ఒక మనిషి జీవితం గురించి చెప్పడం మేలనిపించింది. ఆమె బ్రెజిల్ గాయని, పాటల రచయిత్రి డోనా ఇవోని లారా. మనం పేరు చివర ‘గారు’ చేర్చినట్లే, అక్కడ గౌరవానికి పేరు ముందు ‘డోనా’ చేరుస్తారు.

ఇవోని 1922లో రియో డి జనీరోలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయింది 1888లో. అంటే అప్పటికి ముప్ఫైనాలుగేళ్ళే. చిన్నతనంలోనే తండ్రి పోయాడు. బడి హాస్టల్లో సీటు కోసం తల్లి ఆమె వయసును ఒక ఏడాది ఎక్కువ వేయించిందంటారు. అందుకే చాలా చోట్ల ఆమె పుట్టిన ఏడాది 1921 అని కనిపిస్తుంది. యుక్తవయసులోనే తల్లినీ పోగొట్టుకుంది. హాస్టల్లో శాస్త్రీయ సంగీతం, మేనమామ ఇంట్లో నాలుగు తీగల కవకీన్యో వాయిద్యం, వీధిలో సాంబా: ఇదీ ఆమె సంగీత విద్య.

సాంబా పుట్టుకలో ఆడవాళ్ళ పాత్ర చిన్నది కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రియోలో తియా సియాటా అనే నల్లజాతి స్త్రీ ఇంట్లోనే సాంబా పాటగాళ్ళు కూడేవాళ్ళు. అక్కడ నలుగురి నోటా రూపుదిద్దుకున్న ఒక పాటను 1916లో డోంగా అనే సంగీతకారుడు తన పేర నమోదు చేయించుకున్నాడు. ఇల్లు, వంట, ఆతిథ్యం ఆడవాళ్ళవి. కాగితం మీది పేరు మాత్రం మగవాడిది.

కార్నివాల్ ఊరేగింపులు నడిపే సాంబా స్కూళ్ళలోనూ ఇదే శ్రమ విభజన. కుట్టడానికి, వండడానికి, నాట్యమాడడానికి స్త్రీలు కావాలి. పాట కట్టేది మాత్రం మగవాళ్ళ విభాగం. పన్నెండేళ్ళ వయసు నుంచే పాటలు కడుతున్న ఇవోని ఏం చేసింది? తన పాటల్ని బంధువు ఫులేయిరో చేతికిచ్చింది. అతను వాటిని తనవిగా పాడి వినిపించేవాడు. అందరూ మెచ్చుకునేవాళ్ళు. ఆమె పక్కన నిలబడి వినేది. ఫులేయిరోను దొంగ అనలేం. ఆ పాటలు బయటికి రావడానికి అతను దారి అయ్యాడు. కానీ ఆడదాని పాట మగవాడి పేరుతో తప్ప గడప దాటలేని ఏర్పాటును ఏమనాలి?

1965లో ఇంపేరియో సెర్రానో స్కూలు ఊరేగింపు పాటను సీలస్ జి ఒలివేరా, బకల్యావ్‌లతో కలిసి రాసింది. రచయితగా ఆమె పేరు బయటికొచ్చింది. ఆ స్కూలు రచయితల విభాగంలో చేరిన మొదటి స్త్రీ ఆమే. అప్పటికి ఆమెకు నలభై దాటాయి.

ఇన్నాళ్ళూ బతుకు తెరువేమిటి? నర్సు శిక్షణ పొంది, తర్వాత సోషల్ వర్కరై, మానసిక వైద్యశాలల్లో మూడు దశాబ్దాలకు పైగా ఉద్యోగం చేసింది. కరెంటు షాకుల్ని వ్యతిరేకించి, రోగుల చేతికి రంగులూ కుంచెలూ ఇచ్చిన డాక్టర్ నీజీ డ సిల్వేరాతో కలిసి పనిచేసింది. సంగీతాన్ని రోగుల దగ్గరికి తీసుకెళ్ళింది. వాళ్ళ కుటుంబాల్ని వెతుక్కుంటూ వెళ్ళింది. ఏటా సెలవులు మాత్రం కార్నివాల్ రోజులకు దాచుకునేది. మీలో చాలామంది చేసే పని ఇదే గనుక ఈ భాగం ప్రత్యేకంగా చెబుతున్నాను.

భర్త 1975లో చనిపోయాడు. 1977లో ఉద్యోగ విరమణ. 1978లో తన పేరుతో మొదటి ఆల్బమ్. ఈ మూడు తేదీల వరుస మనకు చాలా చెబుతుంది. అదే ఏడాది ఆమె, డెల్సియో కర్వాల్యో కలిసి కట్టిన ‘నా కల’ అన్న పాటను మరియా బెతానియా, గాల్ కోస్టా పాడారు. ఆ పాట ఉన్న బెతానియా ఆల్బమ్ పది లక్షలకు పైగా అమ్ముడయింది. తొంభయ్యేళ్ళకు చేరువైన ఆమెను 2012లో ఇంపేరియో సెర్రానో తన ఊరేగింపుకే ఇతివృత్తంగా తీసుకుంది. 2018లో ఆమె కన్నుమూసింది.

ఆలస్యంగానైనా గెలిచింది కదా అని మనం సంతోషించవచ్చు. నాకు మాత్రం ఆ ఆలస్యమే ప్రశ్న. ఉద్యోగం, జీతం, చదువు ఉన్న స్త్రీకే పన్నెండో ఏట మొదలైన పాటకు పేరు రావడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది. అవేవీ లేనివాళ్ళ సంగతేమిటి?

ఇక్కడ నా తప్పొకటి ఒప్పుకోవాలి. పరిశోధన కోసం ఊళ్ళు తిరుగుతూ పని పాటలు సేకరించినప్పుడు, పాడిన ప్రతి పాట కిందా ‘జానపదం’ అని రాసుకున్నాను. ఒకామె పాడుతూ పాడుతూ మధ్యలో రెండు చరణాలు తనే కట్టి కలిపింది. నా నోటు పుస్తకంలో ఆమె ఊరుంది, కులముంది, వయసుంది. పేరు లేదు. ఇవోని జీవితం చదివిన రాత్రి ఆ పుస్తకం తీసి చూసుకుని సిగ్గుపడ్డాను.

కర్తృత్వం కూడా ఒక హక్కే. భూమి పట్టాలో పేరు కోసం పోరాడుతున్న మనం పాట కింద పేరు గురించి కూడా పట్టించుకోవాలి. ఈసారి ఊరికి వెళ్ళినప్పుడు పాటతో పాటు ఒక్క ప్రశ్న అడగండి: ఇది ఎవరు కట్టారమ్మా? జవాబు రాసుకోండి.