రూలు వస్తువు మీదా, మనిషి మీదా? లాడ్జీ, కేకు, మన తిరుపతి

ఈ ఎపిసోడ్‌లో మన ఇళ్ళల్లో పెద్దగా మాట్లాడని విషయం ఒకటి మాట్లాడుకుందాం. ఒక వ్యాపారి ఉన్నాడు. "నా భక్తికి ఇది ఒప్పదు. గే వాళ్ళకి నేను రూము ఇవ్వను, కేకు చెయ్యను" అంటాడు. అట్లా అనే హక్కు ఆయనకి ఉందా? వెనక్కి పంపించేసిన ఆ కస్టమర్‌కి ఏ హక్కు ఉంది?

ఇది అమెరికా గొడవ, మనకెందుకు అనుకోవద్దు. మన తిరుపతి బతికేదే లాడ్జీల మీద, హోటళ్ళ మీద, కల్యాణ మండపాల మీద, ట్యాక్సీల మీద. దేవుడూ వ్యాపారమూ ఒకే వీధిలో ఉండే ఊరు మనది. ఈ ప్రశ్న మన దగ్గరే ముందు రావాల.

2025 జనవరిలో ఓయో కంపెనీ మీరట్‌లో కొత్త రూలు పెట్టింది, గుర్తుందా? జంటగా వచ్చేవాళ్ళు తమ సంబంధానికి రుజువు చూపించాలి, పెళ్ళికాని జంటలకి రూము ఇవ్వాలా వద్దా అన్నది హోటల్ వాళ్ళ ఇష్టం అని. మీమ్స్ బాగానే వచ్చాయి. కానీ అందులో ఒక తమాషా ఉంది. ఇద్దరు మగపిల్లలు మన బస్టాండు దగ్గర లాడ్జీకి పోతే ఎవరూ ఏమీ అడగరు. ఆధార్ తీసుకుంటారు, తాళం ఇస్తారు. దర్శనానికి వచ్చారనుకుంటారు. అంటే గే వాళ్ళకి ఇబ్బంది లేదనా? కాదు. వాళ్ళెవరో తెలియనంతసేపే ఆ మర్యాద. తెలిసిన రోజు ఏమవుతుందో అన్న భయంతోనే వాళ్ళు ఆ తాళం తీసుకుంటారు. దాచుకుంటేనే దొరికేదాన్ని హక్కు అనలేం.

ఇప్పుడు బ్రిటన్‌కి పోదాం, ఎందుకంటే ఇట్లాంటి లాడ్జీ తగువు అక్కడ సుప్రీంకోర్టు దాకా పోయి తేలింది. 2008లో కార్న్‌వాల్ అనే చోట ఒక చిన్న హోటల్. నడిపే భార్యాభర్తలు గట్టి క్రైస్తవ విశ్వాసులు. వాళ్ళ రూలు: డబుల్ బెడ్ గది పెళ్ళయిన స్త్రీపురుషులకే. ఇద్దరు మగవాళ్ళు బుక్ చేసుకుని వస్తే గది ఇవ్వలేదు. ఆ ఇద్దరూ చట్టప్రకారం సివిల్ పార్ట్‌నర్‌షిప్‌లో ఉన్నవాళ్ళే. "మేము గే వాళ్ళని ద్వేషించడం లేదు, పెళ్ళికాని ఎవరికైనా ఇదే రూలు" అన్నారు హోటల్ వాళ్ళు. 2013లో సుప్రీంకోర్టు హోటల్ వాళ్ళకి వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. ఎందుకు? ఆ గొడవ జరిగినప్పుడు అక్కడ గే వాళ్ళకి పెళ్ళి చేసుకునే దారే లేదు. పెళ్ళికాని ఆడా మగా జంట రేపు పెళ్ళి చేసుకుని వచ్చి ఆ గది తీసుకోవచ్చు. వీళ్ళు ఏం చేసినా ఆ రూలు దాటలేరు.

ఇంకో కేసు. 2014లో బెల్‌ఫాస్ట్‌లో ఒక బేకరీ. ఒక గే కార్యకర్త వచ్చి, కేకు మీద "గే పెళ్ళిళ్ళకి మద్దతివ్వండి" అని రాయమన్నాడు. బేకరీ వాళ్ళు మా విశ్వాసానికి విరుద్ధం అని డబ్బు వెనక్కి ఇచ్చేశారు. కింది కోర్టుల్లో ఓడారు. 2018 అక్టోబరులో సుప్రీంకోర్టులో గెలిచారు, ఐదుగురు జడ్జీలూ ఒకే మాట. కారణం సింపుల్: ఆ మాట రాయమని ఎవరు అడిగినా వాళ్ళు రాసేవాళ్ళు కాదు. వాళ్ళు కాదన్నది ఆ నినాదాన్ని, ఆ మనిషిని కాదు. అదే మనిషి మామూలు కేకు అడిగితే ఇవ్వాల్సిందే.

హోటల్ ఓడింది, బేకరీ గెలిచింది. రెండింట్లోనూ ప్రధాన తీర్పు రాసింది ఒకే జడ్జి, లేడీ హేల్. ఆమె మాట మార్చిందని కాదు. రెండుసార్లూ చూసింది ఒకటే: రూలు వస్తువు మీదా, మనిషి మీదా?

అమెరికాలో కథ ఇంకా చిక్కు. 2018లో కొలరాడో బేకరీ ఆయన గెలిచాడు కానీ, అక్కడి కమిషన్ ఆయన మతాన్ని చులకనగా చూసిందన్న కారణంతో. అసలు ప్రశ్న తేల్చలేదు. 2023లో ఒక వెబ్ డిజైనర్ కేసులో 6-3తో, ఇష్టంలేని భావాన్ని తన సృజనతో చెప్పమని ఎవరినీ బలవంతపెట్టకూడదన్నారు.

సరే, మన దేశం. రాజ్యాంగంలో 25వ అధికరణ మత స్వేచ్ఛ ఇచ్చింది. కానీ దాని మొదటి మాటల్లోనే ఉంది, మిగతా ప్రాథమిక హక్కులకి లోబడే అని. 15(2) ఏమంటుందంటే, అంగళ్ళు, హోటళ్ళు, వినోద స్థలాల్లోకి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు అన్న కారణంతో ఎవరినీ రానివ్వకుండా చేయకూడదు. ఇది ప్రైవేటు అంగడికి కూడా వర్తిస్తుంది. ఎందుకు రాశారో మన తాతలకి తెలుసు. టీ అంగడిలో వేరే గ్లాసు పెట్టినాయన కూడా "మా ఆచారం" అనే అన్నాడు. అందుకే 1955 పౌరహక్కుల రక్షణ చట్టం, మతం పేరుతోనో సంప్రదాయం పేరుతోనో అంటరానితనాన్ని సమర్థించినా ఒప్పుకోదు.

మరి గే వాళ్ళ సంగతి? 2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు 377 సెక్షన్ విషయంలో, పెద్దవాళ్ళు ఇష్టపడి చేసుకునే స్వలింగ సంబంధం నేరం కాదంది. 15వ అధికరణలోని 'లింగం' అన్న మాటలో లైంగిక ఇష్టం కూడా వస్తుందని ఆ జడ్జీల్లో కొందరు రాశారు. ట్రాన్స్‌జెండర్లకి 2019 చట్టం ఉంది, వస్తువులు, సేవలు, బాడుగ ఇల్లు, దేంట్లోనూ వివక్ష చూపకూడదని. కానీ రూము ఇవ్వలేదని ఒక గే కుర్రాడు నేరుగా చూపించగల అట్లాంటి చట్టం లేదు.

2023 అక్టోబరు 17న పెళ్ళి కేసు తీర్పు వచ్చింది. అందులో మొదటి పిటిషనర్లు హైదరాబాద్ జంటే. సుప్రీంకోర్టు వాళ్ళ పెళ్ళికి చట్టబద్ధత ఇవ్వలేదు. 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ, ఇట్లాంటి జంటలు జాయింట్ బ్యాంకు ఖాతా తెరవచ్చని స్పష్టం చేసింది. బ్యాంకులో ఇద్దరి పేర్లూ ఒకే పాస్‌బుక్కులో ఉండచ్చు. కానీ లాడ్జీలో "భార్యాభర్తలకే" అని బోర్డు పెడితే, వాళ్ళు చూపించే సర్టిఫికెట్టు ఈ దేశంలో ఏ ఆఫీసూ ఇవ్వదు. కార్న్‌వాల్ హోటల్ కథే ఇది.

కాబట్టి నా మాట ఇది. కొండమీద మాంసం, మందు వద్దంటారు. అందరికీ వద్దు, ఎవరైనా పాటించచ్చు. అది వస్తువు మీద రూలు, గౌరవిద్దాం. ఒక పురోహితుడిని నచ్చని పెళ్ళి చేయించమని బలవంతపెట్టకూడదు, అది ఆయన పూజ. ఒక ఫోటోగ్రాఫర్ ఫలానా నినాదం నా ఆల్బంలో వెయ్యను అంటే అదీ ఆలోచించాల్సిందే. కానీ బాడుగకి పెట్టిన గది, అందరికీ తెరిచిన మెస్సు, ఎక్కించుకునే ట్యాక్సీ పూజలు కావు. అక్కడ మనిషిని చూసి కాదనకూడదు.

జాగ్రత్త, వస్తువు మీద రూలు ముసుగు కూడా కావచ్చు. "వెజ్ ఓన్లీ" టు-లెట్ బోర్డు చూసి పోతే, గుడ్డు కూడా తినని కుర్రాడిని ఇంటిపేరు అడిగి పంపించేస్తారు. అందుకే ఇంకో ప్రశ్న వేసుకోండి: ఆ రూలు పాటిస్తానన్న మనిషికి నిజంగా ఇస్తున్నారా?

ఇదంతా మన సంస్కృతి కాదంటారా? గంగమ్మ జాతర వారంలో మగవాళ్ళు చీర కట్టి, గాజులేసుకుని వీధుల్లో తిరుగుతారు. ఆ గాజులు నీకు అమ్మను అని ఏ అంగడాయనా అనడు. వేషం వేరు, గే కావడం వేరు, ఒప్పుకుంటా. కానీ వచ్చిన మనిషిని ఆరా తీయకుండా సరుకు ఇవ్వడం మనకి కొత్త కాదు.

మీ నాన్నకో మామకో లాడ్జీయో మెస్సో ఉంటే, ఈ రాత్రి భోజనాల దగ్గర ఒక్కసారి అడగండి: "మన దగ్గర ఎవరికి లేదంటాం, ఎందుకు?" వాదన వద్దు, జవాబు వినండి. ఇది చూస్తున్న మీరే ఆ రూము అడగడానికి భయపడే మనిషైతే, ఆ భయం మీ తప్పు కాదు. మిమ్మల్ని కాపాడే చట్టం ఇంకా రాయాల్సి ఉంది, అంతే.

మళ్ళీ కలుద్దాం. ఉంటాను.