ఇంట్లో సేవకు ఒక పెద్ద కావాలి
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి ఇప్పటికే ముగ్గురు మాట్లాడారు కనుక నేను ఆ జోలికి పోను. నాకిచ్చిన పది నిమిషాల్లో, మంచాన పడినవారికి ఇంట్లో జరిగే సేవ గురించి నాలుగు మాటలు మనవి చేసుకుంటాను.

నేను ముప్పై నాలుగేళ్లు గుమాస్తాగిరీ చేసినవాణ్ణి. ఫైలు ఎవరి సీటులో ఉందో తెలియకపోతే అది కదలదని మీ అందరికీ తెలుసు. ఇంట్లో రోగి పరిస్థితీ అంతే. కొడుకు మందులు తెస్తాడు, కోడలు అన్నం పెడుతుంది, ఆయమ్మ స్నానం చేయిస్తుంది. అందరూ చేసేవారే. కాని ఆ మనిషి పోయిన వారం కన్నా ఈ వారం రెండడుగులు ఎక్కువ వేశారా అని అడిగే నాథుడుండడు.

రెండేళ్ల క్రితం మా ఆవిడకు తుంటి ఎముక విరిగి ఆపరేషన్ అయింది. వాకర్ పట్టుకుని రోజూ నడవాలని డాక్టరుగారు చెప్పి పంపారు. ఒక ఏజెన్సీ ద్వారా ఆయాను పెట్టుకున్నాము. మంచి పిల్లే. అయితే పేషెంటు పడితే నీకే మాట వస్తుందని ఆ ఏజెన్సీవారు భయపెట్టి పంపారట. అందుకని లేవనిచ్చేది కాదు. అన్నం కలిపి నోట్లో పెట్టేది, తల దువ్వేది. చేతులు చక్కగా ఉన్న మనిషికి ఇదంతా దేనికి? మూడు వారాలు గడిచేసరికి మా ఆవిడ, "నాకు కాళ్లున్న సంగతే మరచిపోయానండీ" అంది.

అది ఉత్తమాట కాదు. 2007లో అమెరికాలో ప్రచురించిన ఒక పరిశోధనలో, సగటున 67 ఏళ్ల ఆరోగ్యవంతులను పది రోజులు మంచం మీద ఉంచితే, కాళ్లలోనే సుమారు కిలో కండ తరిగిపోయింది. వారికి ఏ రోగమూ లేదు సుమండీ!

అప్పుడు మా పెద్దకోడలు పెత్తనం తీసుకుంది. ఫిజియోథెరపిస్టును పిలిపించి, ఏమి చేయించవచ్చో, ఏమి కూడదో అందరి ఎదుటా చెప్పించింది. ఆయా వైపు తిరిగి, "పడితే ఆ మాట నాది, నీది కాదు. నువ్వు పక్కన ఉండు, పని మాత్రం అత్తయ్యను చేసుకోనియ్యి" అంది. పెద్దరికమంటే ఇదేనని నాకు తోచింది. ఒక నోటుబుక్కు పెట్టి, ఎన్నిసార్లు లేచిందీ, ఎంతవరకు నడిచిందీ ఆయా చేతనే రాయించేది. మొదట వంటింటి గడప, తరవాత తులసికోట, ఆ తరవాత వీధి అరుగు. చిక్కుడుకాయల ఈనెలు తీయడం, పూలు కట్టడం మళ్లీ మా ఆవిడ పాలికే వచ్చాయి. ఇప్పటికీ చేతికర్ర లేనిదే నడవలేదు, ఆ సంగతి దాచను. కాని స్నానాల గదికి తనే వెళుతుంది. ఈ వయసులో అది రాజ్యమేలినంత!

న్యూజిలాండులో ఒటాగో విశ్వవిద్యాలయంవారు ఇటువంటిదే ఒక పద్ధతిగా పెట్టారు. కాళ్లకు బలం, శరీరానికి నిలకడ ఇచ్చే వ్యాయామాలను, నడకను ఇంటికే వచ్చి నేర్పిస్తారు. 1997లో ఫలితాలు వెల్లడైన మొదటి ప్రయోగంలో అందరూ 80 దాటిన స్త్రీలే. ఫిజియోథెరపిస్టు తొలి రెండు నెలల్లో వచ్చింది నాలుగుసార్లు మాత్రమే. తరవాత శిక్షణ పొందిన నర్సులతోనూ చేయించారు. నాలుగు ప్రయోగాలూ కలిపి 2002లో లెక్కగడితే, పడిపోవడం 35 శాతం తగ్గింది. కదిలితే పడతారన్న మన భయానికి ఇంతకన్నా జవాబేముంది?

అయితే డాక్టరును అడగకుండా ఎవరినీ లేపవద్దు. తల తిరిగినా, ఆయాసం వచ్చినా వెంటనే కూర్చోబెట్టండి. తడి నేల, జారే పట్టా, చీకటి నడవ, ఇవి ముందు సరిచేయాలి.

లైఫ్ సర్టిఫికెట్టు పేరుతో మనిషి ఉన్నాడా లేడా అని ఏడాదికోసారి ప్రభుత్వం అడుగుతుంది. ఎలా ఉన్నారని అడగవలసింది మన సంఘం. మనలో రిటైరైన నర్సులున్నారు, డ్రిల్లు మాస్టార్లున్నారు. కాలనీకి ఇద్దరు చొప్పున వారానికి ఒక ఇంటికి వెళ్లి, అక్కడ సేవకు పెద్ద ఎవరో తేల్చి, నోటుబుక్కు తెరిపించి వస్తే చాలు. వెళ్లినప్పుడు హార్లిక్సు సీసా ఇచ్చి "అయ్యో పాపం" అని లేచి రాకండి. గుమ్మం దాకా వచ్చి సాగనంపమని వారినే అడగండి.

కార్యదర్శిగారి బల్ల మీద రిజిస్టరు పెట్టించాను. ఒక పేజీలో వెళ్లగలవారి పేర్లు, ఎదుటి పేజీలో మంచాన ఉన్నవారి ఇళ్ల నంబర్లు రాయండి. భోజనాలకు లేచే ముందే రాయాలని మనవి. సెలవు.