దైనందిన జీవితమున దైవజ్ఞానము

విద్య, తెలివి, జ్ఞానము అను మూడు మాటలను మనము వాడుకలో ఒకదానికి బదులొకటి ప్రయోగించుచుందుము. నిజమునకు ఈ మూడును వేరు. విద్య బడిలో లభించును. తెలివి లోకానుభవమున పదునెక్కును. ఈ రెండింటిని ఎప్పుడు, ఏ మేరకు, ఎవరి మేలుకొఱకు వినియోగింపవలెనో తెలుపునది జ్ఞానము. తెలివిగలవాడు బేరములో మోసపోడు; జ్ఞానముగలవాడు మోసపోకపోవుటయే గాక, మోసగింపకయు నుండును. అట్టి జ్ఞానమునకు దేవునియెడల భయభక్తులే మొదలని క్రైస్తవ వేదము బోధించుచున్నది.

ఇది సన్న్యాసులకో, పండితులకో పరిమితమైన వస్తువని కొందఱు తలంతురు. వేదములోని మాటను పరిశీలించినచో ఆ భ్రమ తొలగును. పాతనిబంధన వ్రాయబడిన హీబ్రూ భాషలో జ్ఞానమునకు వాడిన పదమునే పనివాని నేర్పునకును వాడిరి. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారమును నిర్మించిన బెసలేలు బంగారు పని, చెక్కడపు పని, కొయ్యపని ఎఱిగిన శిల్పి. ఆయన చేతి నేర్పును సయితము దేవుడొసగిన జ్ఞానమనియే ఆ గ్రంథము పేర్కొన్నది. చేతిపనిలో జ్ఞానమునకు చోటున్నప్పుడు వంటయింటిలోను, అంగడిలోను, కచేరిలోను ఏల ఉండరాదు? సామెతల గ్రంథము దొంగత్రాసును గూర్చియు, పొరుగువానికి పూచీపడుటను గూర్చియు, కోపముతో పలికిన మాటను గూర్చియు అంతగా హెచ్చరించుటకు కారణమిదియే.

సొలొమోను రాజు గిబియోనులో దేవుని వేడుకొనిన వరము మనకందఱకు తెలిసినదే. ఆయన దీర్ఘాయువును, ధనమును కోరక, ప్రజలకు న్యాయము తీర్చుటకు వివేకమును కోరెను. మూలభాషలో ఆ మాటకు వినగల హృదయమని అర్థము. ఈ అర్థమును మనము మనస్సున నిలుపుకొనవలెను. తీర్పరికి మొట్టమొదట కావలసినది నోరు కాదు, చెవి. ఒక్క బిడ్డకొఱకు ఇద్దఱు స్త్రీలు వచ్చి వాదులాడినప్పుడు సాక్ష్యము లేకున్నను, ఎవరి మాటలో తల్లి ప్రాణము పలికినదో ఆయన వినగలిగెను. అయితే ఆ సొలొమోనే వృద్ధాప్యమున దారి తప్పెనని కూడ వేదము దాచక చెప్పుచున్నది. కావున ఈ జ్ఞానము ఒకసారి సంపాదించి పెట్టెలో దాచుకొను సొత్తు కాదు. దినదినము అడిగి పొందవలసినది.

మనలో నున్నది దైవజ్ఞానమో, కేవలము లోకపు యుక్తియో ఎట్లు గుర్తింపవచ్చును? యాకోబు తన పత్రిక మూడవ అధ్యాయములో ఒక ఒరపిడిరాయిని మన చేతికిచ్చెను. పైనుండి వచ్చు జ్ఞానము పవిత్రమైనది, సమాధానము కోరునది, మృదువైనది, ఇతరుల మాటకు లోబడునది, కనికరముతో నిండినది, పక్షపాతము లేనిది, వేషధారణ యెఱుగనిది అని ఆయన బోధ. అసూయయు కలహమును ఉన్నచోట నున్నది వేఱొక జ్ఞానము.

అన్నదమ్ముల ఆస్తి పంపకములో ఈ ఒరపిడి పెట్టి చూతము. దస్తావేజులు చదువనేర్చిన అన్న, చదువురాని తమ్మునికి చవిటినేలను అంటగట్టి, నీరందు మడిని తాను రాసికొనవచ్చును. చట్టము తప్పుపట్టకపోవచ్చును. ఊరివారు గట్టివాడని మెచ్చుకొనవచ్చును. కాని ఆ గట్టుమీద ఇద్దఱి బిడ్డలు మఱి కలిసి నడువరు. దైవజ్ఞానముగల అన్న తానే వాటాలు వేసి, ఏది కావలెనో ముందుగా తమ్ముని కోరుకొమ్మనును. అప్పుడు వాటాలు సమముగా వేయుట తనకే అవసరమగును. నాలుగు సెంట్లు తగ్గినను, తోడబుట్టినవాడు మిగులును.

జ్ఞానము వ్యక్తుల నడవడిలోనే గాక, ఒక సమాజపు చరిత్రలో కూడ పరీక్షకు నిలిచిన సందర్భము మన తెలుగునాటనే గలదు. 1876 మొదలు 1878 వఱకు దక్షిణ భారతమున మహాక్షామము వాటిల్లెను. నాడు నెల్లూరు జిల్లాలో చేరియుండిన ఒంగోలులో అమెరికను బాప్టిస్టు మిషనరీ జాన్ ఎవరెట్ క్లౌ పనిచేయుచుండెను. ఆయన యౌవనమున భూములు కొలుచు సర్వేయరు పని నేర్చినవాడు. ఆ పాత విద్యను ఆసరాగా గొని, ప్రభుత్వము త్రవ్వించుచున్న బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి కల్పించెను. సంఘ బోధకులే ముఠాలకు పైవిచారణదారులైరి. కొట్టుట, తిట్టుట, కూలి కోయుట లేని చోటని తెలిసి జనము వచ్చి చేరిరి.

చిక్కు అప్పుడే కలిగినది. ఆ పనివారిలో ననేకులు బాప్తిస్మము కోరిరి. సంఖ్యను చూచి సంతోషించువాడైనచో అదే అదనని తలచెడివాడు. క్లౌ అట్లు చేయలేదు. కడుపుకొఱకు వచ్చినదెవరో, విశ్వాసముచే వచ్చినదెవరో కరవు కాలమున తెలియదు గనుక, ఏడాదికి పైగా ఒక్కరికిని బాప్తిస్మమీయక నిలిపెను. చేర్చుకొమ్మని వేడినవారిని కాదనుట ఎంత కష్టమో ఊహింపవచ్చును. కాని అన్నము పెట్టుటకు మతము షరతు కారాదు. మతమునకు అన్నము ఎర కారాదు. ఈ రెండింటిని వేఱుచేసి నిలుపుటలో ఆకలిగొన్నవాని గౌరవమును దక్కినది, విశ్వాసపు గౌరవమును దక్కినది. కరవుపని ముగిసి, పంచిపెట్టుటకు ఏమియు మిగులని పిమ్మట కూడ జనులు వచ్చిరి. ముఠాలలో వారి నడవడి నెఱిగిన బోధకులు ఒక్కొక్కరిని విచారించిరి. 1878 జూలై 3వ తేదీన వెల్లంపల్లి వద్ద గుండ్లకమ్మ నదిలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఆ సంఖ్యను చెప్పుకొనువారు అనేకులు. దానికి ముందు జరిగిన నిరీక్షణమును తలంచువారు కొందఱే. మా దృష్టిలో జ్ఞానము కనబడినది ఆ నిరీక్షణములోనే.

ఇంతకంటె చిన్నదియు, ఇంటికి దగ్గఱదియు నగు నిదర్శన మింకొకటి గలదు. 1912లో దోర్నకల్లు పీఠమునకు అధిపతిగా అభిషిక్తుడైన వి. ఎస్. అజరయ్యగారు ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి నందిన తొలి భారతీయుడు. ఆయన సంఘస్థులలో పెక్కుమంది కూలికి గింజలు పుచ్చుకొను నిరుపేదలు. వారిని రూకలడిగిన ఎక్కడినుండి తెత్తురు? అందుచే ఇల్లాలు ఎసటిలో బియ్యము పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి, దేవుని పేర వేఱుగా ఉంచు అలవాటు ఆ సంఘములలో పాదుకొన్నది. పిడికెడు తీసినందున ఏ బిడ్డయు పస్తుండదు. వారము గడచునప్పటికి ఆ కుండలోని బియ్యము సంఘమునకు ఆధారమగును. పుచ్చుకొనుటకే పుట్టినవారమని భావించిన దీనులు తామును ఈయగలమని తెలిసికొనిరి. పేదవాని స్థితిని గ్రహించి, అతని ఆత్మగౌరవమును పెంచు మార్గము కనుగొనుట కంటె వేఱు జ్ఞానమేమున్నది?

ఈ జ్ఞానమును పొందుటకు కొన్ని సాధనములు మన చేతిలోనే యున్నవి. కొఱవడినవాడు దేవుని అడుగవలెనని యాకోబే చెప్పెను. అడుగుటకు ముందు తనకు కొఱవడినదని ఒప్పుకొనవలెను గదా. పెద్దల ఆలోచన వినవలెను. తీరిక లేదను మాట మాని, ప్రాతఃకాలమున కొంతసేపు వేదపఠనమునకును మౌనమునకును కేటాయింపవలెను. కోపములో ఉత్తరము వ్రాసినచో, ఆ రాత్రి గడచువఱకు తపాలపెట్టెలో వేయక ఉంచవలెను. సంతకము చేయుటకు ముందును, సంబంధము నిశ్చయించుటకు ముందును, పనివానికి కూలి లెక్కించుటకు ముందును ఒక్క ప్రశ్న వేసికొనవలెను: ఈ పనివలన నాకు కలుగు లాభమెంత అని కాదు, దీనివలన ఎవరికి నష్టము కలుగునని.

ఈ ప్రశ్నకు సమాధానము చెప్పుకొను గృహములో కలహములు బొత్తిగా ఉండవని మేము చెప్పజాలము. కాని అట్టి గృహములో కలహము రాత్రి దాటి నిలువదు. బిడ్డలు పెద్దల మాటలకంటె వారి తూనికలను, కొలతలను చూచి నేర్చుకొందురు. అట్టి జ్ఞానము మన యిండ్లలో నెలకొనుగాక.