బందెలదొడ్డి గుఱ్ఱము



నేను చిరకాలము పల్లెటూళ్ళలో అయ్యవారుగా పనిచేసి విశ్రాంతి తీసికొన్నవాడను. ఈ సాయంకాలము నేను చెప్పదలచినది వ్యాకరణము కాదు, వేదాంతమును కాదు. గుఱ్ఱమును ఎన్నడును పెంచి యెఱుగని సంసారులు వేలములో దానిని కొని యింటికి తెచ్చుకొన్నప్పుడు ఏమి జరుగును, ఏమి జరుగకుండ చూచుకొనవలెను అనునదే నా ప్రసంగవిషయము. "ఈ కాలమున గుఱ్ఱమెక్కడిది, దానికి వేలమెక్కడిది?" అని మీలో కొందఱు నవ్వవచ్చును. ఒకసారి బందెలదొడ్డి వైపు పోయి చూచి రండని నా మనవి.

మన నెల్లూరు సీమలో ఒకప్పుడు రైలు దిగినవారిని ఇల్లు చేర్చునది జట్కాయే. ఆటోలు వచ్చిన పిదప జట్కా వెనుకబడినది. మిగిలిన గుఱ్ఱములు పెండ్లి యూరేగింపులకును, పిల్లల సవారికిని పనికివచ్చుచున్నవి. వయసు మీఱినను, కాలు కుంటిదైనను ఆ పనియు పోవును. యజమాని మేత పెట్టలేక ఒక రాత్రి తాడు విప్పి విడిచిపెట్టును. అది ఆకలికొని ఏ వేరుసెనగ చేనిలోనో పడును. చేనిగలవాడు దానిని తోలుకొనివచ్చి దొడ్డిలో పెట్టించును. అతని పంట అతడు కాపాడుకొనుట తప్పు కాదు.

దొడ్డిలో పడిన పశువు గతి 1871వ సంవత్సరపు పశువుల యతిక్రమణ చట్టములో చెప్పబడియున్నది. ఆ చట్టమున పశువు లనగా ఆవులు, ఎద్దులు మాత్రమే కాదు. గుఱ్ఱములు, గాడిదలు, ఒంటెలు, ఏనుగులు గూడ ఆ లెక్కలోనివే. ఏడు దినములలో హక్కుదారు రానియెడల దొడ్డికాపరి పోలీసు ఠాణాకు తెలుపవలెను. ఠాణాలో ప్రకటన అంటించి, పశువు పట్టుబడిన చోటికి దగ్గఱి గ్రామమునను సంతయందును దండోరా వేయింపవలెను. మఱి ఏడు దినములు గడచినను ఎవరును రానిచో బహిరంగముగా వేలము వేయవలెను. దొడ్డికాపరియు, ఆ చట్టము క్రింద పనిచేయు ఉద్యోగులును ఆ వేలములో తామై గాని, పరులచేత గాని కొనరాదు. జరిమానాయు, మేత ఖర్చును పోగా మిగిలిన సొమ్ము యజమానిది. కాని ముసలి గుఱ్ఱమును విడిపించుకొను ఖర్చు దాని వెలను మించును గనుక యజమాని రాడు. రెండు వారములు దొడ్డిలో నిలిచి, ఎముకలు బయటపడిన తరువాత గుఱ్ఱము పాటకు వచ్చును.

బకింగ్‌హాం కాలువకును సముద్రమునకును నడుమ, సరుగుడు తోపుల చెంతనున్న యొక పల్లెలో నాకు తెలిసిన కుటుంబమొకటి కలదు. ఇంటి యజమాని నాయొద్ద చదువుకొన్నవాడు. రొయ్యల గుంటలకు కాపలా యుండును. భార్య, ముసలి తల్లి, ఇద్దఱు పిల్లలు. అతడు ఒకనాడు వేలము చూడబోయి రెండు గుఱ్ఱములను కొనివచ్చెను. ఒకటి ముసలి మగగుఱ్ఱము, రెండవది గోడిగ. మెడమీద కాయలు కాచి, డెక్కలు పెరిగి వంకరపోయి యుండెను. రెండిటికిని కలిపి అతడిచ్చిన వెల ఒక పాలగేదె వెలలో పదియవ పాలు కూడ కాదు. పాట పాడినవారు ఇద్దఱే. రెండవవాడు వాటిని ఎందులకు కొనదలచెనో నే నడుగలేదు, అతడు చెప్పలేదు.

ఆ రాత్రి ముసలమ్మ జాలిగొని ఉలవలు ఉడికించి గంపెడు పెట్టబోయెను. తెల్లవాఱి వత్తునన్న పశువైద్యుడు దైవికముగా ఆ రాత్రియే వచ్చి చేయి పట్టుకొని ఆపెను. "అవ్వా, ఇది పెడితే నీ చేత్తోనే చంపినట్లవుతుంది" అని అతడు చెప్పిన మాటకు ఆమె కన్నీరు పెట్టుకొనెను. కాని వైద్యుని మాటయే సత్యము. ఆవునకు నాలుగు అరల పొట్టయు, నెమరును కలవు. గుఱ్ఱమునకు పొట్ట ఒక్కటే, అదియును చిన్నది. నెమరు లేదు, వాంతియు చేసికొనలేదు. లోనికి పోయినది వెనుకకు రాదు. పస్తులున్న దేహములో బలమైన దాణా ఒక్కసారిగా పడినచో నెత్తుటిలోని లవణములు తారుమారై, కొన్ని దినములకైనను గుండె నిలిచిపోవచ్చును. కనుక మొదటి వారమున మంచి యెండుగడ్డి కొద్దికొద్దిగా దినమునకు ఆఱేడు మారులు వేయవలెను. దాణా తరువాతి సంగతి. కోలుకొన్న పిదప 250 కిలోల తూకముగల చిన్న గుఱ్ఱమునకు దినమునకు సుమారు 5 కిలోల యెండుమేతయు, ఎండకాలమున 30 లీటర్లకు తగ్గని మంచినీరును కావలెను. సముద్రతీరపు బావులలో ఉప్పునీరు ఊఱును గనుక ఆ నీటిని ముందు మనము రుచి చూచి పెట్టవలెను.

జాలి వేఱు, తెలివి వేఱు. ఈ భేదము మన తీరమునకు క్రొత్త కాదు. 13వ శతాబ్దము చివర వెనిసు నగరమునుండి వచ్చిన మార్కో పోలో మన మోటుపల్లిని గూర్చియు వ్రాసినవాడు. మనకు దక్షిణముననున్న తమిళతీరమును వర్ణించుచు, అక్కడి రాజులు ఏటేట వేలకొలది గుఱ్ఱములను ఓడలమీద తెప్పించుకొందురనియు, ఏడాది తిరుగునప్పటికి వానిలో నూఱు కూడ మిగులవనియు అతడు వ్రాసెను. వండిన అన్నము, మాంసము పెట్టుటయు, చికిత్స తెలిసినవారు లేకపోవుటయు అందులకు కారణములట. గుఱ్ఱములు చచ్చినకొలది తమ సరకు చెల్లుబడి యగును గనుక వర్తకులు తమ గుఱ్ఱపు వైద్యులను ఈ దేశమునకు రానీయలేదట. ఆ రాజులకు ధనము కొఱత కాలేదు. గుఱ్ఱముల మీద మక్కువయు కొఱత కాలేదు. ఏది కొఱతయైనదో మీకే తెలియుచున్నది.

తీరమున మఱియొక యపాయము కలదు. మూడవ వారమున గోడిగ మేత మాని, మాటిమాటికి తన డొక్కవైపు చూచుకొనుచు నేలబడి దొర్లసాగెను. వైద్యుడు దాని పేడను గాజుసీసాలో నీటితో కలిపి కొంతసేపు కదల్పక యుంచెను. అడుగున ఇసుక తేఱెను. ఇసుకనేలమీద వేసిన గడ్డిని ఏఱుకొని తినుచు గుఱ్ఱము ఇసుకను గూడ మ్రింగును. అది ప్రేగులలో పేరుకొని కడుపునొప్పి పుట్టించును. ముక్కునుండి గొట్టము వేసి నూనెయు, ఇసబ్గోలు పొట్టును పంపి వైద్యుడు దానిని బ్రతికించెను. మఱునాడే పిల్లవాడు పాత పలకలతో తొట్టి కట్టి, దాని క్రింద చాప పఱచెను. ఇసుక నేల గలవారు ఈ పనిని గుఱ్ఱము కొనుటకు ముందే చేసికొనవలెను.

కార్తికమాసపు వానలలో ముసలి గుఱ్ఱము ఒక రాత్రి పరుండి మఱి లేవలేదు. పండ్లు చూచి వైద్యుడు దాని వయస్సు ఇరువదియైదేండ్లు దాటియుండునని మునుపే చెప్పియుండెను. కుక్కలు తోడకుండునట్లు లోతుగా గొయ్యి త్రవ్వి పూడ్చిపెట్టిరి. మఱునాడతడు మా యరుగుమీద కూర్చుండి, "అయ్యవారూ, అయిదు నెలలు బతకడానికేనా నేను దీన్ని తెచ్చింది? ఊళ్ళో నవ్వుతున్నారు" అనెను.

"ఆ అయిదు నెలల్లో దానికి ఎన్ని దెబ్బలు పడ్డాయిరా?" అని యడిగితిని.

"ఒక్కటీ లేదయ్యా."

"ఎన్ని పూటలు పస్తుంది?"

దానికిని అదే సమాధానము. "అంతకుముందు దాని బతుకులో అట్లాంటి అయిదు నెలలు ఉన్నాయేమో నువ్వే ఆలోచించుకో" అంటిని. అతడు మఱి మాటాడలేదు. పాలు కఱచి పోసిన గ్లాసు చల్లారువఱకు అట్లే కూర్చుండి లేచిపోయెను.

తోడు పోయిన గోడిగ మూడు దినములు మేత ముట్టలేదు. గుఱ్ఱము మందలో బ్రతుకు జీవి, ఒంటరితనమునకు ఓర్వదు. రెండవ గుఱ్ఱమును పోషించు శక్తి వారికి లేదు. చిన్నపిల్ల తన మేకపిల్లను తెచ్చి దాని ప్రక్కను కట్టెను. నేడు ఆ మేక లేక గోడిగ కదలదు.

మన నెల్లూరి తిక్కనసోమయాజి తెలిగించిన విరాటపర్వమున నకులుడు దామగ్రంథి యను పేర విరాటరాజు గుఱ్ఱములను సంరక్షించిన కథ మీరందఱు విన్నదే. పాండురాజు కొడుకు గుఱ్ఱపుసాలలో కొలువుచేసినందున అతని గౌరవమునకు కొఱత రాలేదు. తెలుగులో మనుమంచి భట్టు గుఱ్ఱములను గూర్చి హయలక్షణవిలాసమను గ్రంథమునే రచించెను. మనవారు ఇట్టి శాస్త్రములలో సుడుల శుభాశుభములను మాత్రము జ్ఞాపకముంచుకొని చికిత్సను మఱచిపోయిరి. సుడి చూచుటకు ముందు డెక్క చూడుడు, పండ్లు చూడుడు, ఊపిరి వినుడు.

ఇక గ్రామపెద్దలకు నా మనవి. బందెలదొడ్డి పెట్టి నడపు నధికారము పంచాయతీలకు కలదు. దొడ్డిలో నీడయు, నీరును లేనిచో ఆ పదునాలుగు దినములే గుఱ్ఱమునకు మృత్యువగును. వేలమునకు ముందు పశువైద్యునిచేత పరీక్ష చేయింపుడు. గ్లాండర్సు అను నంటురోగము గుఱ్ఱమునుండి మనుష్యులకును సోకును. కనుక నెత్తురు పరీక్ష ఫలితము తెలియువఱకు క్రొత్త గుఱ్ఱమును వేఱుగా కట్టింపుడు. ధనుర్వాతమునకు టీకా వేయింపుడు. జోరీగలు సర్రా జ్వరమును తెచ్చును గనుక సాలను శుభ్రముగా నుంచుడని చెప్పుడు. కొనుటకు వచ్చినవానిని పాట యెంతయని యడుగుటకు ముందు, మేత యేది, నీరేది, ఆఱు వారములకో ఎనిమిది వారములకో ఒకసారి డెక్కలు కోయువాడెవడు అని యడుగుడు. బదులు చెప్పలేనివానిని మందలింపక, పశువైద్యశాలకు దారి చూపుడు. పనికిరాని పశువును బజారున వదలుటయు, పుండుపడిన దానిచే బండి లాగించుటయు 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము క్రింద నేరములని జట్కావారికి ముందుగానే తెలుపుడు.

వేలము ఒక్క గడియలో ముగియును. గుఱ్ఱము బ్రతికినచో ఇరువదియైదు, ముప్పదియేండ్లు బ్రతుకును. ఆ యేండ్లన్నిటికిని పూచీపడగల యింటికే దాని తాడు చేరునట్లు చూచుట మీ వంటి పెద్దల చేతిలోనున్న పని. సెలవు.