ముందు మనమే పసిపిల్లలమై చూడాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఈ బడిలో చదువుకున్న నేను ఇప్పుడు మూడు నుంచి ఆరేళ్ల పిల్లలకు చదువు చెప్పబోయే టీచర్లకు శిక్షణ ఇస్తున్నాను. ఆ శిక్షణలో మేము వాడే పాత్రాభినయం, అదే రోల్ ప్లే గురించి నాలుగు మాటలు చెప్పమని సంఘం వారు కోరారు.

శిశు మనస్తత్వం పరీక్షలో మా విద్యార్థినులకు మంచి మార్కులే వస్తాయి. కాని బడి తెరిచిన రోజు అమ్మ కొంగు వదలని మూడేళ్ల పిల్లవాడు ఎదురైతే, "ఏడిస్తే పోలీసుకు పట్టిస్తా" అన్న మాటే నోటికొస్తుంది. తాము చిన్నప్పుడు విన్నది అదే మరి! చదివింది మరిచిపోతాం, పడింది మరిచిపోం. ఆ మాట నిజమైన పిల్లవాడి మీద పడకముందే శిక్షణ గదిలో బయటపడాలి. రోల్ ప్లే అందుకే.

ఒకరు బిడ్డ, ఒకరు తల్లి, ఒకరు టీచరు. మిగిలినవారు గమనిస్తారు. బిడ్డ పాత్ర వేసే అమ్మాయి నేల మీద కూర్చుంటుంది. నిలబడి గద్దించే టీచరు కింద నుంచి ఎంత పెద్దగా కనబడుతుందో అప్పుడు తెలుస్తుంది. ఐదారు నిమిషాలయ్యాక చర్చ. ముందు బిడ్డే మాట్లాడాలి: ఏ మాటకు భయమేసింది, ఏ మాటకు ఊరట కలిగింది? తర్వాత టీచరు, చివరికి గమనించినవారు. ఆ పైన పాత్రలు మార్చి మళ్లీ ఆడతారు. అసలు చదువు ఈ రెండోసారిలోనే ఉంది. టీచరు మోకాళ్ల మీద కూర్చుని, "అమ్మ మీద బెంగగా ఉందా నాన్నా?" అంటుంది.

మరో సందర్భం. "ఇంత ఫీజు కడుతున్నాం, ఏబీసీడీలు రాయించరేం?" అని తండ్రి నిలదీస్తాడు. పూసలు గుచ్చడం, మట్టి పిసకడం వేళ్లను రాతకు సిద్ధం చేస్తాయని ఆయనకు నచ్చజెప్పాలి. మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అనీ, అందులో ఆటకే పెద్దపీట అనీ 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అది తెలిసి ఉండటం వేరు, కోపంగా ఉన్న తండ్రికి మర్యాదగా చెప్పగలగడం వేరు.

రెండు జాగ్రత్తలు. చర్చ పాత్ర మీదే జరగాలి, మనిషి మీద కాదు. దెబ్బలు తిన్న బిడ్డ వంటి పాత్రను ఎవరి మీదా రుద్దకూడదు. ఎవరి గాయం ఎక్కడుందో మనకు తెలియదు.

"మొక్కై వంగనిది మానై వంగునా" అంటారు. నిజమే. కాని మొక్కను వంచే చేయి మెత్తగా ఉండాలి.

మిత్రులకు ఒక మనవి. మీలో అమ్మమ్మలు, తాతయ్యలు అయినవారు చాలామంది ఉన్నారు. ఏడాదికి ఒక్క పూట మీ ఊరి దగ్గరున్న శిక్షణ కేంద్రానికి వెళ్లి తల్లిదండ్రుల పాత్ర వేయండి. గట్టిగా నిలదీయండి. రేపు మీ మనవడిని ఎత్తుకోబోయే టీచరు ఆ పూట కాస్త తయారవుతుంది.