మిరప కల్లానికి ఎండ పెట్టె: ఒక్కరు కొంటే గిట్టదు

(మిర్చి రైతుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఎండ మన కల్లం మీద ఊరికే కాస్తోంది కదా, దాన్ని పెట్టెలో పట్టడానికి డబ్బు ఎందుకు పొయ్యాలని మీలో చాలామంది అడుగుతున్నారు. మేమూ మొదట అదే అడిగాం.

కల్లంలో ఏం జరుగుతుందో మీకు చెప్పక్కర్లేదు. పండుకాయ కోసినప్పుడు నూటికి 70, 80 పాళ్లు నీరే. 10, 11 పాళ్లకు దిగితేగానీ నిల్వకు పనికిరాదు. దానికి రెండు వారాలు పడుతుంది. ఈలోగా ఒక్క వాన చాలు. అర్ధరాత్రి పట్టాలు కప్పడానికి ఇంటిల్లిపాదీ పరుగెత్తినవాళ్లమే మనమంతా. కప్పిన పట్టా కింద కాయ చెమ్మగిల్లి బూజు పడుతుంది, తాలవుతుంది. ఆ బూజు వల్ల వచ్చే అఫ్లాటాక్సిన్ విషం దొరికితే ఎగుమతి సరుకు వెనక్కి వస్తుంది. ఆ నష్టాన్ని వ్యాపారి తన నెత్తిన వేసుకోడు, మన ధరలో కోస్తాడు.

ఈ పెట్టెలో వింతేమీ లేదు. నల్లరంగు వేసిన రేకు, దానిపైన గాజు, వేడి బయటికి పోకుండా అడుగున మందపాటి పొర. రేకు కాలితే దాన్ని రాసుకుంటూ పోయే గాలి వేడెక్కుతుంది. ఆ గాలిని ఫ్యాను తట్టలున్న గదిలోకి తోస్తుంది. చలి దేశాల్లో ఇలాంటి పెట్టెనే గోడకో పైకప్పుకో బిగించి ఇళ్లు వెచ్చబెట్టుకుంటారు. మన ఇళ్లకు ఆ అవసరం లేదు, చల్లబడితే చాలు! మనకు కావలసింది కాయకు వెచ్చని గది. 30 డిగ్రీల గాలిని 50కి వేడిచేస్తే దాని తేమ శాతం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే అది కాయలో నీటిని గబగబా లాగుతుంది. 60 డిగ్రీలు దాటనియ్యకూడదు, రంగు పోతుంది.

మొన్న ఒక కంపెనీ ఏజెంటు వచ్చి, పది చదరపు మీటర్ల గాజున్న పెట్టె ఎకరం పంటకు చాలన్నాడు. మేము కూర్చుని లెక్క వేశాం. ఎకరానికి 20 క్వింటాళ్ల ఎండు కాయ రావాలంటే పండుకాయ నుంచి 50 క్వింటాళ్లకు పైగా నీరు పోవాలి. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 0.65 యూనిట్ల వేడి కావాలి. మొత్తం 3,300 యూనిట్లు. మంచి ఎండ కాసిన రోజు చదరపు మీటరు గాజు నుంచి గాలికి ఎక్కేది రెండున్నర, మూడు యూనిట్లే. అంటే ఆ పెట్టెతో నాలుగు నెలలు పడుతుంది! ఏజెంటు నీళ్లు నమిలాడు.

అలాగని పెట్టె పనికిరాదనడం లేదు. కల్లంలోనే 30 పాళ్ల దాకా ఆరనిచ్చి, బూజు పట్టే ఆ చివరి దశకు మాత్రం వాడితే, అదే ఎకరం కాయలో తియ్యాల్సిన నీరు ఆరు క్వింటాళ్ల లోపే. ఊరుమ్మడిగా వంద చదరపు మీటర్లు పెట్టుకుంటే, వృథా పోను మూడు నాలుగు రోజుల పని. మబ్బు పట్టిన రోజు మాత్రం ఇదీ కల్లం లాంటిదే. కాకపోతే కాయ తడవదు. ముసురుకు తట్టుకోవాలంటే పక్కన కట్టెల పొయ్యి కూడా ఉండాలి.

అందుకే మా డిమాండు ఇది. కేంద్రం 2020లో పెట్టిన వ్యవసాయ మౌలిక సదుపాయాల నిధిలో రెండు కోట్ల దాకా అప్పుకు ఏడేళ్లపాటు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది. సొసైటీలకూ వర్తిస్తుంది. కానీ రాయితీ వడ్డీకే, అసలు మనమే కట్టాలి. కాబట్టి మిర్చి పండే ఊళ్లలో ఉమ్మడి ఆరబెట్టే గదులకు పెట్టుబడిలో వాటా ప్రభుత్వం భరించాలి. యార్డులో కాయను పిడికిట నలిపి తేమ చెప్పడం మాని, మన కళ్ల ముందే మీటరు పెట్టాలి. లేకపోతే ఎంత బాగా ఆరబెట్టినా కోత తప్పదు.

ఈలోగా ఏజెంట్లు మీ గడప కూడా తొక్కుతారు. గాజు ఎన్ని చదరపు మీటర్లు, రోజుకు ఎన్ని కిలోల నీరు తీస్తుంది, ఫ్యాను చెడితే ఎవరు ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? ఇవన్నీ కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. ఆ కాగితం సంఘం ఆఫీసుకు తెండి, లెక్క కలిసి వేద్దాం.