తెల్లబరచుకున్న పళ్ళను కాపాడుకోవడం
(ఉగాది సంబరాల సందర్భంగా మహిళా విభాగం సభలో చేసిన ప్రసంగం)



ఉగాది పండుగనాడు దంతవైద్యం గురించి మాట్లాడమని పిలిచినప్పుడు, ఆటపాటల నడుమ పంటి మాటలు ఎవరు వింటారని సందేహించాను. కాని మహిళా విభాగంవారు ఇచ్చిన విషయం చూశాక వారి ఉద్దేశం బోధపడింది. పెళ్ళి కుదిరిన ఇళ్ళలో నగలు, చీరెల ముచ్చట అయిపోయాక ఇప్పుడు వినిపించే మాట "పిల్లకు పళ్ళు తెల్లగా చేయించాలి" అని. పెళ్ళికొడుకులు కూడా వెనుకబడి లేరు. చికిత్సకు డబ్బు ఖర్చు పెడుతున్నారు. తరువాత పాటించవలసిన జాగ్రత్తలను వైద్యశాలవారు ఇంగ్లీషులోనో మలాయిలోనో అచ్చువేసి ఒక కాగితం ఇస్తారు. ఆ కాగితం పిల్ల చేతిసంచిలో ఉండిపోతుంది. ఇంట్లో కూర వండేది, టీ కాచేది అమ్మమ్మ. ఆమెకు సంగతి తెలియదు. అందుకే ఈ మాటలు తెలుగులో చెప్పాలని వారు కోరారు.

ముందుగా ఒక మాట స్పష్టం చేస్తాను. చికిత్సతో వచ్చిన తెలుపు శాశ్వతం కాదు. కొంతకాలానికి తగ్గుతుంది, కావాలంటే మళ్ళీ తెచ్చుకోవచ్చు. కాని పంటిమీది గట్టి పొర, ఎనామెల్, ఒకసారి అరిగిపోతే మళ్ళీ పెరగదు. కనుక చికిత్స తరువాత కాపాడుకోవలసినది మొదట పంటిని, ఆ తరువాతే రంగును. చాలామంది ఈ వరుసను తారుమారు చేసి, రంగు కోసం పంటిని పాడుచేసుకుంటున్నారు.

ఎనామెల్ మన శరీరంలోకెల్లా గట్టి పదార్థం, ఎముక కంటె కూడా గట్టిది. దాని అడుగున డెంటిన్ అనే పొర ఉంటుంది. అది సహజంగానే లేత పసుపు. ఎనామెల్ గుండా కొంత వెలుతురు పోతుంది గనుక లోపలి పసుపు పైకి తోస్తుంది. వయసు వస్తున్నకొద్దీ పైపొర పలచబడుతుంది, లోపలి పొర మందమవుతుంది, పళ్ళు పచ్చబడతాయి. ఇది జబ్బు కాదు. టెలివిజన్‌లో కనిపించే తెల్లకాగితం వంటి పళ్ళు చాలావరకు పైన అతికించిన తొడుగులే. అటువంటి తెలుపు మన పళ్ళకు రాలేదని పెళ్ళికూతురు కంటతడి పెట్టవలసిన పని లేదు.

తెల్లబరచడానికి వాడే మందు హైడ్రోజన్ పెరాక్సైడ్, లేదా దానిని నెమ్మదిగా విడుదల చేసే కార్బమైడ్ పెరాక్సైడ్. ఇంట్లో వాడుకోవడానికి వైద్యులిచ్చే 10 శాతం కార్బమైడ్ జెల్‌లో ఉండే పెరాక్సైడ్ సుమారు మూడున్నర శాతం. వైద్యశాల కుర్చీలో చిగుళ్ళకు కాపు వేసి వాడే మందు 35, 40 శాతం వరకు ఉంటుంది. ఇది పంటిని గీకదు. ఎనామెల్‌లోనికి చొచ్చుకొనిపోయి, అక్కడి రంగు పదార్థాలను ముక్కలు చేసి వెలిసిపోయేలా చేస్తుంది. పంటిరంగు సిమెంటుతో నింపిన చోట, తొడుగుల మీద ఇది పనిచేయదు. ముందుపంటిలో పాత సిమెంటు ఉన్నవారు చికిత్స తరువాత అది వేరే రంగుగా కనబడుతుందని ముందే తెలుసుకోవాలి. దానిని మార్పించాలంటే రెండు వారాలు ఆగడం మంచిది. ఎనామెల్‌లో మిగిలిన ఆక్సిజన్ వల్ల కొత్త సిమెంటు సరిగా అతుక్కోదు. కొత్త రంగు కుదుటపడడానికి కూడా ఆమాత్రం వ్యవధి కావాలి.

ఇక చికిత్స అయిన మొదటి రెండు రోజుల సంగతి. మన పళ్ళమీద లాలాజలం వల్ల ఏర్పడే పలుచని పొర ఒకటి ఎప్పుడూ ఉంటుంది. చికిత్సలో అది తొలగిపోతుంది, ఎనామెల్‌లోని తడి కూడా కొంత తగ్గుతుంది. ఆ పొర మళ్ళీ నిలదొక్కుకునే దాకా పళ్ళు కొత్త గోడవంటివి, ఏది తగిలినా మరక పడవచ్చునన్న అభిప్రాయంతో రెండు రోజులపాటు రంగుగల పదార్థాలు మానమంటారు. చికిత్స కాలంలో కాఫీ, టీ తాగినవారికీ తాగనివారికీ ఫలితంలో పెద్ద తేడా లేదని కొన్ని పరిశోధనలలో తేలింది. అయినా రెండు రోజులు ఓర్చుకోవడంలో నష్టం లేదు గనుక నేను మానమనే చెబుతాను.

ఏమి మానాలి? ఈ దేశంలో మన ఇళ్ళలో ఉన్న జాబితా చిన్నది కాదు. తే తారిక్, పాలు లేని నల్ల కోపి, పసుపు వేసిన కూరలు, సంబల్, కిచాప్, ఎర్ర సిరప్ కలిపిన బండుంగ్, పులిహోర, ఉగాది పచ్చడి. అన్నిటికంటె ముందుగా తాంబూలం. సున్నం, వక్క, కాచు కలిస్తే వచ్చే ఎరుపు ఎంత గట్టిదో మన నాయనమ్మల పళ్ళు చూసినవారికి నేను చెప్పనవసరం లేదు. సిగరెట్టు సంగతి వేరే చెప్పాలా!

అయితే తినేదేమిటి? ఇడ్లీ, పసుపు వేయని కొబ్బరి చట్నీ, పెరుగన్నం, పాలు, అరటిపండు, ఉడికించిన చేప, కోడిమాంసం, గుడ్డు తెల్లసొన. నాసి లెమాక్ తింటానంటే తినండి, సంబల్ మాత్రం పక్కన పెట్టండి. పెసరపప్పు పసుపు లేకుండా వండితే ఇంట్లో గొణుగుతారు. రెండు రోజులే గదా, గొణగనివ్వండి.

ఇక్కడ ఒక పొరపాటు చాలామంది చేస్తారు. రంగు లేకపోతే హాని లేదనుకొని నిమ్మరసం, తెల్లని సోడా నీళ్ళు తాగుతారు. వాటికి రంగు లేదు, కాని పులుపు ఉంది. ఆ పులుపు ఎనామెల్‌ను మెత్తబరుస్తుంది. చికిత్స అయిన పళ్ళకు టీ కంటె నిమ్మరసం ఎక్కువ చెరుపు చేస్తుందని నా అభిప్రాయం. టీ మరకను వైద్యుడు తుడిచివేయగలడు. పులుపు తినివేసిన ఎనామెల్‌ను తిరిగి పెంచే వైద్యుడు ఏ దేశంలోనూ లేడు.

రెండవ సంగతి పళ్ళు జివ్వుమనడం. చల్లని నీళ్ళు తాగినా, నోరు తెరచి గాలి పీల్చినా జివ్వున లాగుతుంది. మందు ఎనామెల్‌ను దాటి లోపలి నరం దాకా చేరడమే దీనికి కారణం. సాధారణంగా కొద్ది రోజులలో తగ్గిపోతుంది. పొటాషియం నైట్రేట్ కలిసిన టూత్‌పేస్టులు దుకాణాలలో దొరుకుతాయి. వాటితో తోముకోండి, ఎక్కువగా ఉంటే పళ్ళకు రాసి కొన్ని నిమిషాలు ఉంచి ఉమ్మివేయండి. నీళ్ళు గోరువెచ్చగా తాగండి. చిగుళ్ళ అంచు తెల్లబడి మండితే మందు తగిలిందన్నమాట, అదీ సాధారణంగా త్వరలోనే సర్దుకుంటుంది. అన్ని పళ్ళూ కొద్దికొద్దిగా లాగితే భయపడనక్కరలేదు. ఒకే పన్ను వారం దాటినా సలుపుతూ ఉంటే ఆ పంటిలో పుచ్చో బీటో ఉండవచ్చు. వెంటనే వైద్యునికి చూపించండి.

మూడవది రంగు తగ్గడం. చికిత్స అయిన రోజు పళ్ళు మిక్కిలి తెల్లగా కనబడతాయి. అందులో కొంత భాగం తడి ఆరిపోవడం వల్ల కనిపించే తెలుపు. తడి తిరిగి పట్టాక, ఒకటి రెండు వారాలలో రంగు ఒక మెట్టు దిగి నిలబడుతుంది. నిజమైన ఫలితం అదే. ఈ మధ్య ఒక తల్లి నా దగ్గరకు వచ్చి, "అక్కా, వారంలోనే వెలిసిపోయింది, పాపకు మళ్ళీ చేయించమంటావా? పెళ్ళి పది రోజులలో ఉంది" అని అడిగింది. వద్దమ్మా అన్నాను. పిల్ల పీటలమీద కూర్చొని చల్లని పానకం తాగలేక అవస్థపడుతుందని చెప్పాను. పెళ్ళి ఉన్నవారు ముహూర్తానికి కనీసం మూడు వారాల ముందే చికిత్స ముగించుకోండి. అప్పటికి జివ్వుమనడం తగ్గుతుంది, రంగు నిలకడ పడుతుంది, భోజనాలలో పులిహోర కూడా హాయిగా తినవచ్చు.

వెలిసిపోయిందన్న బెంగతోనే చాలామంది ఇంటి చిట్కాలకు దిగుతారు. బొగ్గుపొడి, ఉప్పు, నిమ్మరసం కలిపిన వంటసోడా. మన తాతలు శ్రీకాకుళం, విశాఖపట్నం వైపు నుంచి వచ్చి పేరాక్‌లోని బాగాన్ డాటో వంటి చోట్ల తోటలలో పనిచేసిన రోజులలో కచికతోనో, బొగ్గుతోనో, వేపపుల్లతోనో తోముకున్నారు. వారికి దొరికినది అది. ఇప్పుడు అదే బొగ్గును అందమైన డబ్బాలో పోసి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. గరుకు పొడితో రుద్దితే పైమరక పోతుంది, దానితోపాటు ఎనామెల్ కూడా కొంచెం కొంచెం అరుగుతుంది. ఎనామెల్ పలచబడితే లోపలి పసుపు ఇంకా బాగా కనబడుతుంది. తెలుపు కోసం రుద్దినకొద్దీ పసుపు బయటపడుతుందన్నమాట!

తోమడానికి మెత్తని బ్రష్షు, ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, రోజుకు రెండుసార్లు చాలు. పుల్లని పదార్థం తిన్న వెంటనే తోమకండి. నీళ్ళు పుక్కిలించి అరగంట ఆగండి. తోమాక నురుగు ఉమ్మివేయండి, కాని నీళ్ళతో పదేపదే పుక్కిలించకండి. పేస్టులోని ఫ్లోరైడ్ కొంతసేపు పళ్ళమీద ఉంటేనే ఉపయోగం. క్లోర్‌హెక్సిడిన్ ఉన్న నోరు కడిగే మందును వైద్యుడు చెప్పకుండా రోజుల తరబడి వాడవద్దు, అది పళ్ళకు గోధుమరంగు పట్టిస్తుంది.

ఫ్లోరైడ్ అనగానే ఊరి బంధువులు నల్లగొండ, ప్రకాశం జిల్లాల సంగతి చెప్పి భయపెడతారు. అక్కడి భూగర్భ జలాలలో ఫ్లోరైడ్ ఎన్నో చోట్ల ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దును, అనగా లీటరుకు 1.5 మిల్లీగ్రాములను, మించి ఉంది. చిన్నతనంలో పళ్ళు లోపల తయారయ్యే వయసులో అటువంటి నీళ్ళు తాగినందున వారి పళ్ళమీద గోధుమ మచ్చలు పడ్డాయి, మితిమీరిన చోట ఎముకలు కూడా వంగిపోయాయి. ఈ దేశంలో 1972లో ప్రభుత్వం ఆమోదించి కుళాయి నీటిలో కలుపుతున్నది చాలా స్వల్పం, లీటరుకు అర మిల్లీగ్రాము దరిదాపు. పెద్దవారు బఠాణీ గింజంత పేస్టు వాడి ఉమ్మివేస్తే పళ్ళకు మచ్చలు రావు. చికిత్స అయిన పంటికి అది మేలే చేస్తుంది.

ఇక ఎక్కడ చేయించుకోవాలన్నది. రాత్రి సంతలలో, సౌందర్య శాలలలో చవకగా చేస్తామంటున్నారు. మలేషియాలో 2018 దంతవైద్య చట్టం 2022 జనవరి 1 నుంచి అమలులో ఉంది. దంతవైద్య మండలిలో నమోదు కానివారు దంతవైద్యం చేయడం నేరం. ఐరోపా దేశాలలో 2012 నుంచి 0.1 శాతం దాటిన పెరాక్సైడ్‌ను దంతవైద్యుని ద్వారానే, అదీ 6 శాతం వరకే, పద్ధెనిమిదేళ్ళు నిండినవారికే వాడాలన్న నియమం ఉంది. ఆ దేశాలు అంత జాగ్రత్తపడిన మందును మనం ఎవరో తెలియని మనిషి చేత నోట్లో పోయించుకోవడం ఏమి వివేకం? సొంతంగా కొన్నవాటితో మరొక చిక్కు ఉంది. పుచ్చు ఉందో, చిగురు వాచిందో ఎవరూ చూడరు. పచ్చదనం అనుకున్నది సగంమందిలో ఉత్త గారే అని నా అనుభవం. గార తీయించుకుంటేనే వారి అద్దంలో పళ్ళు మారిపోతాయి, పెరాక్సైడ్ అవసరమే రాదు. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ చికిత్సను వాయిదా వేసుకోండి, తొందర ఏమీ లేదు.

శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల స్త్రీలలో చుట్టను నిప్పువైపు నోట్లో పెట్టుకొని కాల్చే అలవాటు ఉండేది, దానిని అడ్డపొగ అంటారు. దానివల్ల అంగిట్లో పుండ్లు, కాన్సర్ వస్తాయని వైద్యులు గుర్తించారు. పొగాకు గాని వక్క గాని అలవాటున్న పెద్దలెవరైనా తెల్లబరచుకోవాలంటే మొదట నోరంతా పరీక్ష చేయించుకోండి. మానని పుండు, తెల్లని మచ్చ, ఎర్రని మచ్చ ఉంటే పళ్ళ రంగు మాట పక్కన పెట్టి ముందు దాని సంగతి చూడాలి.

రెండు రోజులు గడిచిన తరువాత మామూలు భోజనం చేయవచ్చు. టీ మానమని నేను చెప్పను, చెప్పినా ఇక్కడ ఎవరూ వినరు. గంటల తరబడి కొద్దికొద్దిగా చప్పరించే కంటె ఒక్కసారి తాగేసి నీళ్ళు పుక్కిలించండి. చల్లని పానీయాలకు గొట్టం వాడండి. వైద్యుడు చెప్పిన గడువుకు గార తీయించుకోండి. ట్రే ఇచ్చి ఉంటే చన్నీళ్ళతో కడిగి డబ్బాలో పెట్టండి, వేడినీళ్ళు పోస్తే వంకరపోతుంది, తరువాత పళ్ళకు పట్టదు. మిగిలిన జెల్ పిల్లలకు అందకుండా చల్లని చోట ఉంచండి. రంగు బాగా తగ్గిందనిపించినప్పుడు ఆ ట్రే పట్టుకొని వైద్యుని వద్దకు వెళ్ళండి. మరి కొన్ని రాత్రులు వాడాలో వద్దో పళ్ళు చూసి ఆయన చెబుతారు. చెల్లెలి పళ్ళకు అక్క ట్రే పనికిరాదు, అదొక్కటి మరచిపోకండి.

 సందేహాలుంటే ఫలహారాల సమయంలో అడగండి.